భుజముమీది కొండి



మా యింట పదునాలుగేండ్ల పిల్లవాడొకడు కలడు. నాకు మనుమని వరుస. మొన్న నొక సాయంకాలము వాడు తెరమీద యుద్ధకథ నొకదానిని చూచుచుండగా నేనును ప్రక్కను గూర్చుంటిని. కొండదారిలో నొక మనుష్యుడు గొట్టమువంటి దానిని భుజమున కెత్తుకొనెను. తెరపై నొక ఎఱ్ఱని చతురస్రము మెఱసెను. కీచుమని శబ్దమయ్యెను. నిప్పుతోక యొకటి మింటికెగసెను. హెలికాప్టరు బ్రద్దలయ్యెను. అంతయు గలిసి ఆఱు సెకనులు పట్టియుండును. పిల్లవాడు చప్పట్లు చఱచి, “తాతయ్యా, అది గుఱి తప్పదా?” యని యడిగెను. తప్పునంటిని. “ఎట్లు తప్పును? వేడిని వెదకికొని పోవును గదా!” యనెను. నే నప్పుడు చెప్పిన సమాధానము వానికిని చాలలేదు, నాకును చాలలేదు. ఈనాటి ప్రసంగమును దానికి తరువాయిగా మీరు భావింపవచ్చును.

రేడియోలో బొమ్మను చూపుటకు వీలులేదు. ఈ విషయమునకు అది కొఱత కాదనియే నా యభిప్రాయము. ఏలయన, ఈ యాయుధమును ప్రయోగించువాడు కంటి నెంత నమ్ముకొనునో చెవిని నంతకంటె నెక్కువగా నమ్ముకొనవలసియున్నాడు. సినిమాలో ఆ చెవిపని మాత్రము కనబడదు.

ఒక్క మనుష్యుడు మోసికొనిపోయి భుజముమీదినుండి విమానముపై ప్రయోగింపదగిన క్షిపణులు పెక్కుదేశములలో కలవు. సోవియట్ దేశమువారు 1960 దశాబ్దపు చివర నొకదానిని సిద్ధపఱచిరి. దానికి ‘స్త్రేలా’ యని పేరు. రష్యను భాషలో బాణమని యర్థము. దాని తరువాత వచ్చిన ‘ఇగ్లా’ యనగా సూది. అమెరికావారు తమ మొదటిదానికి ‘రెడ్ ఐ’ యని, అనగా ఎఱ్ఱకన్ను అని పేరిడిరి. దాని తరువాతిది ‘స్టింగరు’, అనగా కొండి. బాణము, సూది, ఎఱ్ఱకన్ను, కొండి! ఆయుధశాలలవారు పేరులు పెట్టుటలో కవులకు తీసిపోరు. వీనిలో వెండితెరకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది స్టింగరు. కావున నా ప్రసంగము దానిచుట్టునే తిరుగును.

స్టింగరు అమెరికా సైన్యమునందు 1981లో ప్రవేశించినది. క్షిపణి పొడవు ఐదడుగులు. వ్యాసము 70 మిల్లీమీటర్లు. గొట్టము, పిడి మొదలైనవన్నియు గలిపి సుమారు 15 కిలోల బరువు. పేలుడు భాగము మూడు కిలోలకు మించదు. నాలుగైదు కిలోమీటర్ల దూరమువఱకును, సుమారు మూడున్నర కిలోమీటర్ల యెత్తువఱకును అది పనిచేయును. ఈ యెత్తును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మనకు మరల బనియున్నది.

ఇక ప్రయోగము. సైనికుడు మొట్టమొదట విమానమును తన కంటితోనే చూడవలెను. పిల్లవాడు తెరపై చూచిన ఎఱ్ఱ చతురస్రము ఆ సైనికుని యొద్ద లేదు. గొట్టము ప్రక్కను మడత విప్పి నిలుపు చిన్న గుఱిచట్రము మాత్రమే కలదు. పిమ్మట డబ్బావంటి దొకటి పిడి క్రింద గ్రుచ్చవలెను. దానిలో బ్యాటరీయు, మిక్కిలి యొత్తిడితో నింపిన ఆర్గాను వాయువును ఉండును. ఆ వాయువు ఒక్కసారిగా వ్యాపించి క్షిపణి ముక్కుననున్న కంటిని చల్లబఱచును. వేడిమిని చూడవలసిన కన్ను తాను చల్లగా నుండవలెను. లేకున్న తన వేడిమియే తన చూపునకు పొరయగును. అయితే ఈ డబ్బా ఒకమాఱు విడిచినపిమ్మట సుమారు 45 సెకనులు మాత్రమే పనిచేయును. ఆలోపల మీట నొక్కకున్నచో అది వ్యర్థము. దానిని తీసి వేఱొకటి గ్రుచ్చవలెను, విమానము అంతవఱకు నిలిచియుండినయెడల!

ఆ 45 సెకనులలో జరుగునదే చెవిపని. కన్ను వేడిమిని కనుగొనినప్పుడు పిడినుండి యొక స్వరము బయలుదేరును. సైనికుని చెంపయెముకను తాకియుండు చిన్న పరికరమొకటి అదే స్వరమునకు కంపించును. హెలికాప్టరుల రొదలో చెవికి వినబడకున్నను ఎముకకు వినబడునన్నమాట. ఆ స్వరము వచ్చుచు పోవుచుండినచో ఆగవలెను; స్థిరముగా నిలిచినచో అప్పుడు ముందునకు సాగవలెను. ఎండకు కాగిన కొండరాయియు, సూర్యుడు తాకిన మేఘపుటంచును ఈ స్వరమును మోసపుచ్చగలవు. సంగీతము నేర్చువానికి శ్రుతి యెట్లో, ఈ పని నేర్చువానికి ఈ స్వరమట్లు.

ఇంకొక సంగతి కలదు. నాకు అదియే ముఖ్యముగా తోచును. సైనికుని నడుమునకు ఒక పెట్టె కట్టబడియుండును. దానినుండి ఆకాశములోనికొక రేడియో సంకేతము పోవును. దానిని మన భాషలోనికి మార్చినచో “నీవు మావాడవా?” యని యర్థము. మావాడే యైనచో విమానమునందలి యంత్రము తగిన సంకేతముతో బదులు చెప్పును. బదులు రాకున్నచో నేమనుకొనవలెను? శత్రువని యనుకొనుటకు వీలులేదు. బదులు చెప్పు యంత్రము చెడియుండవచ్చును. సంకేతపు మీట తప్పుగా నుండవచ్చును. తెలియదనుటయే మౌనమునకర్థము. యంత్రము స్నేహితుని గుర్తింపగలదు గాని శత్రువును గుర్తింపలేదు. అచ్చటినుండి బాధ్యత సైనికుని కంటిదియు, అతని పై యధికారిదియు నగును.

మనకీ సంగతి క్రొత్తది కాదు. దశరథుడు శబ్దవేధి. చీకటిలో సరయూనదీ తీరమున కడవ మునుగు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని బాణము వేసెను. బాణము సూటిగానే పోయెను. విలువిద్యలో నెట్టి లోపమును జరుగలేదు. కడవ పట్టినవాడెవ్వడో ముందు తెలియలేదు, అంతియే. స్టింగరుకు ఆ నడుముపెట్టెను కట్టినవారు రామాయణమును చదివియుండరు. అయినను ఆ కడవ చప్పుడే వారికిని వినబడియుండునని నా కనిపించును.

మీట నొక్కినపిమ్మట చిన్నమందు క్షిపణిని గొట్టమునుండి వెలికిత్రోయును. అది కొన్నిగజములు దూరము పోయిన తరువాతనే పెద్దమందు అంటుకొనును. ముందే యంటుకొనినచో ప్రయోగించినవాని ముఖము మాడును. అటుపిమ్మట ధ్వనికంటె రెండింతలకు మించిన వేగముతో పోవును. దేనిని తాకకయున్నచో సుమారు 17 సెకనులకు తనంత తానే పేలిపోవును. కొన్ని చిత్రములలో క్షిపణి విమానమును కొండలచుట్టును లోయలచుట్టును కుక్క కుందేలును దఱిమినట్లు నిమిషములకొలది తఱుముచుండును. 2001లో వచ్చిన ‘బిహైండ్ ఎనిమీ లైన్స్’ అను చిత్రమున నట్టి ఘట్టమొకటి కలదు. అది వాహనముమీదినుండి వదలిన క్షిపణి, భుజముమీదిది కాదు. ఘట్టము చూచుటకు రమ్యముగానే యుండును. నిజమైన క్షిపణికి అంత తీరిక లేదు.

ఈ యాయుధమునకు తెరతో సంబంధము సినిమాశాలలో మొదలుకాలేదు, యుద్ధభూమిలోనే మొదలైనది. 1982 మే 21వ తేదీన ఫాక్‌లాండు ద్వీపములలో బ్రిటిషు సైనికులు అర్జెంటీనావారి పుకారా విమానమును దీనితో కూల్చిరి. యుద్ధమున దీనికది ప్రథమ విజయము. కాని లోకమునకు దీని పేరు తెలిసినది 1986 సెప్టెంబరు 25వ తేదీన. ఆనాడు ఆఫ్గనిస్తానమున జలాలాబాదు విమానాశ్రయము సమీపమున, ఇంజనీరు గఫారు అనునతని నాయకత్వమున ఆఫ్గను యోధులు పొంచియుండి, దిగుచున్న సోవియట్ హెలికాప్టరులపై స్టింగరులను ప్రయోగించిరి. ఒక క్షిపణి పనిచేయక దాపుననే పడిపోయెను. తక్కినవి మూడు హెలికాప్టరులను కూల్చెను.

ఆ దినమున వారితోకూడ నొక వీడియో కెమేరా ఉండెను. పాకిస్తాను గూఢచారశాఖలో ఆఫ్గను వ్యవహారములను నడపిన బ్రిగేడియరు మహమ్మదు యూసఫ్ తరువాత వ్రాసిన గ్రంథమున ఈ బొమ్మను గూర్చి చెప్పినాడు. కెమేరా పట్టినవానికి నిలుకడ లేకపోయెనట. ఉత్సాహముతో వాడును పరుగెత్తెను. అందుచేత ఆ బొమ్మలో చాలభాగము ఆకాశము, పొదలు, రాళ్లనేల మాత్రమే యలుముకొనినట్లు కనబడునట. నల్లనిపొగ లేచుచున్నప్పుడు మాత్రము వాడు కొంత కుదుటపడెను. ఈ బొమ్మను పిమ్మట అమెరికా అధ్యక్షుడు రీగనుకు చూపిరి.

స్టింగరు నటించిన మొదటి చిత్రమిదియే యని నేననుకొందును. దీనికి దర్శకుడు లేడు, సంగీతము లేదు, కెమేరా నిలువలేదు. అయినను తరువాత కోట్లకొలది డాలర్లతో తీసిన చిత్రములలో లేని సత్యమొకటి దీనియందున్నది. ఆ క్షణమున నచ్చటనున్న మనుష్యుని చేయి వణకును.

ఇక సినిమాలకు వత్తము. 1988 మే 15వ తేదీన సోవియట్ సైన్యము ఆఫ్గనిస్తానమునుండి మరలుట కారంభించెను. సరిగా పది దినములకు, మే 25వ తేదీన, ‘రాంబో’ కథలలో మూడవది అమెరికాలో విడుదలయ్యెను. కథ జరుగునది ఆఫ్గనిస్తానముననే. చిత్రము చివర ఆఫ్గను ప్రజలకు అంకితమను మాటలు కనబడును. నాయకుడు చిట్టచివర టాంకు నెక్కి హెలికాప్టరును ఢీకొట్టును. స్టింగరు పట్టువాడు స్వరము కొఱకు ఓపికతో వేచియుండవలెను గదా! రాంబోకు ఓపికయనునది బొత్తిగా లేదు.

మఱుసటి సంవత్సరము, 1989లో, జేమ్స్ బాండు చిత్రము ‘లైసెన్స్ టు కిల్’ వచ్చెను. ఇందులో స్టింగరులు ప్రతినాయకుని చేతిలోనున్నవి. అతడు మత్తుమందుల వర్తకుడు. తనమీదికి వచ్చినచో ప్రయాణికుల విమానమును కూల్చెదనని బెదిరించును. కొండదారిలో బాండు నడపు పెద్ద టాంకరు లారీపై వాని యనుచరులు స్టింగరును ప్రయోగింతురు. బాండు లారీని ఒకవైపు చక్రములమీద నిలిపి నడపును. క్షిపణి దాని క్రిందుగా దూసికొనిపోవును. విమానములకై యేర్పడిన క్షిపణిని లారీపై వేయుట హాస్యాస్పదమే యైనను, లారీని అట్లు ప్రక్కవాటుగా నడపుట మాత్రము కల్లకాదు. రెమీ జూలియను అను ఫ్రెంచి సాహసచోదకుడు దానిని నిజముగానే నడపెను. చూపరులు మెచ్చుకొనవలసినది అతనిని, క్షిపణిని కాదు. అదే ఘట్టమున చిన్నవిమానము తోకకు స్టింగరు తగులును. అది మాత్రము క్షిపణి చేయదగిన పని.

1990లో ‘నేవీ సీల్స్’ అను చిత్రమున కథ యంతయు, బేరూతులో దుండగుల చేతికి చిక్కిన స్టింగరులను వెదకి నాశనము చేయుటయే. 1997లో ‘ది డెవిల్స్ ఓన్’ అను చిత్రమున బ్రాడ్ పిట్ ధరించిన పాత్ర, ఐర్లండు విప్లవకారుడు, స్టింగరులను కొనుటకై న్యూయార్కు నగరమునకు వచ్చి నిరపరాధియగు పోలీసు గృహమున బస చేయును. చూచితిరా మార్పు! 1980 దశాబ్దమునందు కొండమీది వీరునికి వచ్చిన వరముగా కీర్తింపబడిన గొట్టము, మఱి పదియేండ్లు గడువకమునుపే నగరవీథులలో దొంగసరకై తిరుగుచున్నది. గొట్టములో నేమియు మాఱలేదు. భుజము మాఱినది.

ఈ భయము కథలు వ్రాయువారి కల్పన కాదు. ఆఫ్గను యోధులకు రెండువేలకు పైగా స్టింగరుల నిచ్చిరి. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సైన్యము పూర్తిగా వెడలిపోయిన తరువాత, మిగిలినవాని నేమి చేయవలెననునది అమెరికా ప్రభుత్వమునకు పెద్ద చిక్కయ్యెను. ఇచ్చినవారే ధనము పట్టుకొని వెనుకకు కొనుటకు బయలుదేరిరి. కొన్ని దొరకెను, కొన్ని దొరకలేదు. కూల్చుటను చిత్రించిన కథలు చాల గలవు. ఉచితముగా నిచ్చినదానిని డబ్బిచ్చి తిరిగి కొనుట యను ఈ కథలో నెంత నాటకమున్నదో! సత్రములో కూర్చుండి టీ త్రాగుచు బేరమాడు దృశ్యము నేనైనచో తీసియుందును.

‘చార్లీ విల్సన్స్ వార్’ అను చిత్రము 2007లో వచ్చినది. మైక్ నికోల్స్ దర్శకుడు. టామ్ హాంక్స్ నాయకుడు. టెక్సాసు ప్రతినిధి యొకడు అమెరికా కాంగ్రెసులో ధనమును మంజూరు చేయించి ఆఫ్గను యోధులకు ఆయుధములు పంపించిన వృత్తాంతమది. ఇందులో హెలికాప్టరులు కూలు ఘట్టము ఉల్లాసకరముగా నుండును. చిత్రము చివర, యుద్ధానంతరము ఆ దేశమును పట్టించుకొనువారు లేకపోయిరను బాధయు సూచింపబడినది, అది మెచ్చదగినది. కాని స్టింగరు వచ్చుటచేతనే సోవియట్ సైన్యము మరలెనను భావము చూపరుల మనస్సులలో నాటుకొనును. చరిత్రకారులలో కొందఱు దీని నంగీకరింపరు. గోర్బచేవు ఆ యుద్ధమునుండి బయటపడవలెనని క్షిపణులు రాకముందే తలపోసినాడని వారందురు. క్షిపణులు వచ్చిన తరువాతను సోవియట్ చోదకులు ఊరకుండలేదు. ఎత్తుగా ఎగిరిరి, రాత్రులందు ఎగిరిరి, మండు దివిటీలను జల్లి క్షిపణి కంటిని మోసపుచ్చిరి. అమెరికా సైన్యమువారి లెక్కనుబట్టి 340 ప్రయోగములలో 269 విమానములు కూలెను. ప్రయోగించినవారు చెప్పిన మాటలపై నాధారపడిన లెక్కయని దీనిని తరువాత పలువురు శంకించిరి. వేటగాడు చెప్పిన చేప పొడవును మనమెంతవఱకు నమ్ముదుము?

క్రిందినుండి చూచుటకు అలవాటుపడిన మనకు పైనుండి చూపిన చిత్రమొకటి కలదు. రష్యాలో ఫ్యోదర్ బొందర్చుక్ 2005లో తీసిన ‘తొమ్మిదవ దళము’. బగ్రాము విమానాశ్రయమున క్రొత్త సైనికులు దిగుదురు. సేవ ముగించుకొని యింటికి పోవువారు అదే విమాన మెక్కుదురు. పోవువాడొకడు తన రక్షరేకును వచ్చినవానికిచ్చును. విమానము నేల విడిచిన కొలదిసేపటికి క్షిపణి తగిలి కూలిపోవును. క్రొత్తవారు నిలువబడి చూచుచుందురు. ఈ ఘట్టమున చప్పట్లు కొట్టుటకు తావులేదు. ఆ విమానమెక్కినవారి ముఖములు మనము రెండు నిమిషముల క్రిందట చూచితిమి గదా! నేను చెప్పిన చిత్రములన్నిటిలోను, గుఱి కవతలి కొసనున్నవారిని ముందుగా మనకు పరిచయము చేసినది ఇదియొక్కటియే.

తెరయనగా నేడు సినిమా యొక్కటియే కాదు. పిల్లలాడు వీడియో ఆటలును తెరయే. 1998లో జపానునుండి వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’ అను ఆటలో స్టింగరు కలదు. గోపుర శిఖరమున హెలికాప్టరుతో పోరాటమునకు దానిని వాడుట బాగుగనే యున్నది. పిమ్మట భూగర్భశాలలో నడచు లోహరాక్షసునిపై గూడ దానినే వాడవలెను! నాలుగు గోడల నడుమ విమానవిధ్వంసక క్షిపణిని ప్రయోగించుట యెంత వివేకమో ఆడువారే యోచింపవలెను. అయినను ఆటలకు నేనొక ప్రశంస చేయక తప్పదు. సినిమాలో చూపరి యూరక కూర్చుండును. ఆటలో వాడు స్వరము స్థిరపడువఱకు తానే వేచియుండవలెను. 2007 నాటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ఆటలో హెలికాప్టరు మండు దివిటీలను జల్లి మొదటి క్షిపణిని తప్పించుకొనును, రెండవది వేయవలసివచ్చును. గుఱి తప్పునని మా పిల్లవాడు నేర్చుకొనినచో నావలన గాక ఆ యాటవలననే నేర్చుకొనును.

మఱియొక పొరపాటును సవరింపవలసియున్నది. భుజముమీది గొట్టములన్నియు ఒకటి కావు. 1993 అక్టోబరులో సోమాలియాలోని మొగదిషు నగరమున అమెరికా హెలికాప్టరులను కూల్చినది ఆర్‌.పి.జి. యను సామాన్యపు రాకెట్టు. దానికి కన్ను లేదు, చెవి లేదు. విసరిన రాయివలె పోవును. 2001లో రిడ్లీ స్కాట్ తీసిన ‘బ్లాక్ హాక్ డౌన్’ దీనిని సరిగానే చూపినది. తక్కిన చిత్రములలో తఱచుగా ఈ రెండింటిని కలిపివేయుదురు. అట్లే, ఆకాశమున మిక్కిలి యెత్తున పోవు ప్రయాణికుల విమానమును భుజముమీది క్షిపణి కూల్చినట్లు చూపుదురు. నేను జ్ఞాపకముంచుకొనుడన్న యెత్తు ఇచ్చట నక్కఱకు వచ్చును. సుమారు పది కిలోమీటర్ల యెత్తున పోవు విమానమును అది యందుకొనలేదు. 2014 జులై 17వ తేదీన ఉక్రెయినుపై మలేషియా విమానము కూలి 298 మంది మరణించినప్పుడు ఆ పని చేసినది వాహనముమీది పెద్ద క్షిపణి ‘బుక్’. భుజముమీదిదానివలన నపాయము విమానము లేచునప్పుడును దిగునప్పుడును. 2002 నవంబరు 28వ తేదీన కెన్యాలో మొంబాసానుండి లేచిన ఇజ్రాయిలు ప్రయాణికుల విమానముపై రెండు స్త్రేలా క్షిపణులను వేసిరి. రెండును తప్పిపోయెను.

ఎత్తునుగూర్చిన ఈ నియమము తలక్రిందులైన చోటు మన దేశముననే కలదు. కార్గిలులో తోలోలింగు శిఖరము సుమారు పదునాఱువేల అడుగుల యెత్తున నున్నది. ఆ శిఖరముపై నిలిచినవాని భుజము అప్పటికే మింటనున్నది. ప్రక్కలోయలో ఎగురు విమానము వాని కెదురుగానే వచ్చును. 1999 మే 28వ తేదీన ఆ శిఖరముమీది శత్రువులపై దాడి చేయుచున్న మన మి-17 హెలికాప్టరునకు భుజముమీది క్షిపణి తగిలెను. అందలి నలుగురును మరణించిరి. దివిటీలను జల్లు పరికరము ఆ హెలికాప్టరునకు లేదు. దాని తరువాత మి-17లను దాడికి పంపుట మానిరి. మిరాజు విమానములు క్షిపణి కందని యెత్తునుండి బాంబులు వేసెను. కార్గిలులో చీతా హెలికాప్టరును నడపిన గుంజన్ సక్సేనా జీవితము నాధారముగా జేసికొని 2020లో హిందీ చిత్రమొకటి వచ్చినది. మన వారి చిత్రములలో ఇది నాకొక విధముగా ప్రియమైనది. చూపరిని గొట్టము వెనుక గాక హెలికాప్టరు లోపల గూర్చుండబెట్టినది. చోదకుని యాసనమునుండి చూచినప్పుడు క్షిపణి యనునది నిప్పుతోక కాదు. క్రింద రాళ్ల నడుమ నొక చిన్న పొగచుక్క.

పిల్లవాడు “తగిలిన తరువాత నేమగును?” అని కూడ నడిగెను. సినిమాలో తగిలిన తరువాత ఏమియు లేదు, దృశ్యము మాఱును. నేను వానికి 2003 నవంబరు 22వ తేదీన బాగ్దాదులో జరిగినదానిని చెప్పితిని. సరకుల నెత్తుకొని లేచిన ఎయిర్‌బస్ ఏ-300 విమానమునకు స్త్రేలా వంశపు క్షిపణి యొకటి యెడమ ఱెక్కను దగిలెను. ఆ ప్రయోగమును ప్రయోగించినవారి ప్రక్కనుండి తీసిన బొమ్మలు కూడ కలవు; వానిలో నిప్పుతోకయు, పొగయు కనబడును. విమానములోనిది కనబడదు. ఱెక్క అంటుకొనెను. విమానపు తోకను, ఱెక్కలను త్రిప్పు ద్రవనాళములు మూడును వట్టిపోయెను. చోదకుని చేతిలోని పిడికి విమానమునకు సంబంధమే లేకపోయెను. మిగిలినవి రెండు ఇంజనులు మాత్రమే. ఒకదానిని పెంచి మఱొకదానిని తగ్గించినచో విమానము తిరుగును, రెండింటిని పెంచినచో ముక్కెత్తును, తగ్గించినచో దించును. మువ్వురు మనుష్యులు మండుచున్న ఱెక్కతో ఆకాశమున సుమారు పది నిమిషములు ఈ విద్యను నేర్చుకొనిరి. నేర్చుకొనినపిమ్మట వెనుకకు తిరిగి బాగ్దాదునకే వచ్చి దిగిరి. విమానము బాటను దప్పి ఇసుకలోనికి పోయి, దుమ్ము లేపుకొని ఆగెను. మువ్వురును బ్రతికి దిగిరి.

పిల్లవాడు ఈ కథను నాచేత రెండుమాఱులు చెప్పించుకొనెను. రెండవమాఱు, ఏ యింజనును పెంచిన విమానము ఎటు తిరుగునో తన రెండుచేతులతో చేసి చూచుకొనెను.